లియో కూపర్ గ్రంథాలు: జాతిసంహారంపై ఒక యూదు సమాజశాస్త్రజ్ఞుని విచారణ

జాతిసంహారమనే నేరానికి పేరు పెట్టినవాడు పోలెండుకు చెందిన యూదు న్యాయవాది రాఫేల్ లెమ్కిన్. అది 1944 నాటి మాట. ఆ నేరాన్ని సమాజశాస్త్రానికి విషయంగా చేసి, ఏ సమాజాలలో, ఏ పరిస్థితులలో, ఎవరి అండతో అది సంభవిస్తుందని క్రమబద్ధంగా విచారించినవారిలో అగ్రగణ్యుడు మరొక యూదుడు, దక్షిణాఫ్రికాలో పుట్టిన లియో కూపర్ (1908-1994). తెలుగు పాఠకులకు ఈ పేరు దాదాపు అపరిచితం. 1981లో వెలువడిన ఆయన ప్రధాన గ్రంథం "జెనోసైడ్"ను, దానికి ముందూ వెనుకా వచ్చిన రచనలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యూదు రచయిత పుస్తకం మనకెందుకని అడిగేవారు లేకపోలేదు. దివ్య ఖురాన్‌లో నరహత్య ఎంతటి ఘోరమో చెప్పే ప్రసిద్ధ ఆయత్, అనగా మాయిదా సూరాలోని 32వ ఆయత్, బనీ ఇస్రాయీల్ ప్రస్తావనతోనే మొదలవుతుందని వారికి గుర్తు చేస్తే చాలు. అంతకంటే బలమైన కారణాలు రెండున్నాయి. కూపర్ తన పరిశోధన ప్రారంభించిన డర్బన్ నగరం తెలుగు కూలీలు తరతరాలుగా బ్రతికిన నగరం. రెండవది, ఆయన అడిగిన ప్రశ్నలు 1948 నాటి హైదరాబాదు రాజ్యానికి, తుంగభద్రకు ఇవతల అయిజ, గద్వాల మొదలుకొని అటు ఔరంగాబాదు దాకా ఉన్న ఆ రాజ్యం ప్రజలకు, సూటిగా తగిలే ప్రశ్నలు.

లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో, జొహానెస్‌బర్గ్‌లో కూపర్ జన్మించాడు. విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి వకీలుగా పనిచేశాడు. నల్లజాతి కక్షిదారుల తరఫున వాదించడం ఆనాడు తెల్లవారిలో అరుదు. ఆయన ఆ పని చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో కెన్యా, ఈజిప్టు, ఇటలీలలో సైన్యంలో ఉన్నాడు. యుద్ధానంతరం నడివయసులో న్యాయవాద వృత్తి విడిచి అమెరికాలోని నార్త్ కరొలైనాలో, ఆపై ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో సమాజశాస్త్రం అభ్యసించాడు. 1952లో స్వదేశానికి తిరిగివచ్చి నటాల్ విశ్వవిద్యాలయంలో, డర్బన్‌లో, ఆచార్యుడయ్యాడు.

ఇక్కడ మనం కాస్త ఆగవలసి ఉంది.

1860 నవంబరులో మద్రాసు నుంచి "ట్రూరో" ఓడ డర్బన్ రేవు చేరిన నాటి నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేలకు పైగా భారతీయ కూలీలు గిర్మిటు మీద నటాల్ చెరకు తోటలకు పోయారు. వారిలో అధిక భాగం మద్రాసు రేవు నుంచి ఎక్కిన తమిళులు, తెలుగువారు. విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల కుటుంబాలు అందులో ఉన్నాయి. అదే ఓడల్లో దక్షిణాది ముస్లిం కూలీలూ వెళ్ళారు. సొంత ఖర్చుతో వెళ్ళిన గుజరాతీ ముస్లిం వర్తకులు వేరు. వారు తరువాత వచ్చారు, వారి చేతిలో డబ్బుండేది, గ్రే వీధి జుమా మస్జిద్‌ను నిలబెట్టినది వారే. కూలీ ముస్లిములకు మాత్రం మొహర్రం పెద్ద పండుగ. తోటల మీద తాజియాలు కట్టి ఊరేగేవారు, హిందూ కూలీలూ వెంట నడిచేవారు. మన పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవారికి ఆ దృశ్యం కొత్తది కాదు. (ఆ పండుగ షరీఅత్ దృష్టిలో సమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ దానిని పొరుగువారి సంబంధానికి సాక్ష్యంగా మాత్రమే పేర్కొన్నాను.) 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. కూపర్ సతీమణి హిల్డా కూపర్ పేరుపొందిన మానవశాస్త్రజ్ఞురాలు. 1960లో ఆమె ప్రచురించిన "ఇండియన్ పీపుల్ ఇన్ నటాల్" ఈ జనం కుటుంబాలను, ఆచారాలను, భాషా వర్గాలను వివరించే గ్రంథం. భర్త గ్రంథం చదవదలచిన తెలుగు పాఠకుడు ముందు భార్య గ్రంథం చదవడం మంచిదని నా సలహా.

కూపర్ డర్బన్ చేరేటప్పటికి ఆ నగరం ఒక గాయంతో ఉంది. 1949 జనవరిలో అక్కడ ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో 142 మంది మరణించారు. వారిలో భారతీయులు 50 మంది. పోలీసుల, సైనికుల కాల్పుల మూలంగా ఆఫ్రికన్లు అంతకంటే ఎక్కువమంది చనిపోయారు. పై అంతస్తులో తెల్ల ప్రభుత్వం, మధ్యలో భారతీయ దుకాణదారు, అడుగున ఆఫ్రికన్ కూలీ. అడుగువాని కోపం పై అంతస్తును చేరలేక మధ్యవాని మీద పడింది. అల్లర్లకు ఇది మొత్తం కారణం కాకపోయినా ముఖ్య కారణమే. ఇటువంటి అంతస్తుల సమాజాన్నే కూపర్ తరువాత "బహుళ సమాజం" అనే పేరుతో సిద్ధాంతీకరించాడు. అనగా, బజారులో కలుసుకొని, ఇళ్ళలో, చదువులో, అధికారంలో వేరుగా బ్రతికే వర్గాల సముదాయం.

అయితే మూడున్నరేళ్ళు తిరగకుండానే, 1952 జూన్‌లో, అదే ఆఫ్రికన్లు, భారతీయులు కలిసి వర్ణవివక్ష చట్టాలను ధిక్కరించే శాసనోల్లంఘన ఉద్యమం ప్రారంభించారు. ఎనిమిది వేల మందికి పైగా స్వచ్ఛందంగా జైలుకు పోయారు. డాక్టర్ యూసుఫ్ దాదూ, డాక్టర్ మాంటీ నాయకర్, ఆల్బర్ట్ లుతూలీ అందులో ముందు నడిచినవారు. కూపర్ తొలి ముఖ్యగ్రంథం "పాసివ్ రెసిస్టెన్స్ ఇన్ సౌత్ ఆఫ్రికా" ఆ ఉద్యమం మీదనే. మారణకాండల పరిశోధకుడుగా పేరుపొందినవాని తొలి విషయం అహింసా ప్రతిఘటన కావడం గమనార్హం. ఈ వరుస ఆయన ఆలోచనను అర్థం చేసుకోవడానికి అవసరం. ఏ సమాజమూ హత్యకు ముందే రాసిపెట్టి ఉండదని ఆయన మొదట తన కంటితో చూశాడు.

1961లో ఆయన దేశం విడిచి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడే 1976లో పదవీ విరమణ చేశాడు. దేశం విడిచినంత మాత్రాన ప్రభుత్వం ఆయనను విడువలేదు. 1971లో ఆక్స్‌ఫర్డ్ వారు దక్షిణాఫ్రికా చరిత్ర రెండవ సంపుటం అచ్చువేసినప్పుడు ఆఫ్రికన్ జాతీయోద్యమంపై అధ్యాయం కూపర్ రాశాడు. నిషేధితుల మాటలు ఉటంకించడం అక్కడి చట్టప్రకారం నేరం. కనుక దక్షిణాఫ్రికాలో అమ్మడానికి వేసిన ప్రతుల్లో ఆ అధ్యాయం ఉండవలసిన చోట తెల్ల కాగితాలు కుట్టారు. ఆ పని చేసినది ప్రభుత్వం కాదు, ప్రచురణకర్తలే. ప్రభుత్వం అడగకముందే వారు భయపడ్డారు. కూపర్ దీనిని తీవ్రంగా నిరసించాడు. ఆ ఖాళీ పుటల సంగతి మనం మరొకచోట గుర్తు చేసుకోవలసి వస్తుంది.

1977 నాటి "ది పిటీ ఆఫ్ ఇట్ ఆల్"లో ఆయన అల్జీరియా, రువాండా, బురుండి, జాంజిబార్‌లను పోల్చాడు. నాలుగింటిలో రెండు ముస్లిం దేశాలు. అల్జీరియాలో ఫ్రెంచి వలసదారులకు, ముస్లిం ప్రజలకు మధ్య పోరాటం. జాంజిబార్‌లో 1964 విప్లవం నాడు చంపినవారిలోనూ చచ్చినవారిలోనూ ముస్లిములే అధికులు. అక్కడ ఆఫ్రికన్, అరబ్ అనే భేదం పనిచేసింది. కూపర్ ఇక్కడ పట్టుకున్న ముఖ్యమైన అంశం "మధ్యస్థలం" నాశనం. రెండు పక్షాల మధ్య రాకపోకలు, స్నేహాలు, రాజీ మాటలాడే మనుషులు ఉంటారు. ఘర్షణ ముదిరేకొద్దీ ముందుగా చచ్చేది వారే. ప్రతి హత్యా మిగిలినవారిని ఏదో ఒక పక్షానికి నెట్టివేస్తుంది.

హైదరాబాదు చరిత్ర ఎరిగిన పాఠకునికి ఇక్కడ షోయబుల్లా ఖాన్ జ్ఞాపకం రాక తప్పదు. "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకుడు, ముస్లిం. భారత యూనియన్‌లో చేరడం మేలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయనను నడివీధిలో చంపారు. మధ్యస్థలం ఎలా తుడిచిపెట్టబడుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ కూపర్ పుస్తకంలో కూడా లేదు.

ఇక "జెనోసైడ్". పుస్తకం మొదటి భాగం ఐక్యరాజ్యసమితి ఒడంబడిక పుట్టుక గురించి. 1946 డిసెంబరులో సర్వసభ్యసభ తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాలలో భారతదేశం ఒకటి (తక్కినవి క్యూబా, పనామా). 1948 డిసెంబరు 9న పారిస్‌లో ఒడంబడిక ఆమోదం పొందింది. జాతి, మతం, వంశం, దేశీయత ఆధారంగా ఒక సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలనే ఉద్దేశంతో చేసే పనులు జాతిసంహారమని నిర్వచించారు. రాజకీయ పక్షాలను మాత్రం ఈ రక్షణ నుంచి తప్పించారు. అది రాజ్యాల మధ్య బేరసారాల ఫలితమని కూపర్ ఆధారాలతో చూపుతాడు. అయినా ఆయన నిర్వచనాన్ని తోసిపుచ్చలేదు. ప్రపంచం ఒప్పుకున్న మాట అదొక్కటే గనుక దానినే పట్టుకొని, లోటు ఉన్నచోట మరొక మాట చేర్చాడు. "జాతిసంహారక హత్యాకాండ" అని దానిని తెలుగు చేయవచ్చు. సమూహమంతటినీ కాక దానిలో ఒక ఊరినో, ఒక పేటనో తుడిచిపెట్టే హత్యలకు ఈ పేరు. 1947 దేశ విభజన నాటి హత్యలను ఆయన ఈ కోవలో చేర్చాడు.

ఈ భేదం మన భాషలకు అవసరమైనది. ఉర్దూలో ఖత్లె ఆమ్ వేరు, నస్ల్‌కుషీ వేరు. తెలుగు పత్రికలు మాత్రం అన్నింటికీ "మారణహోమం" అని రాసి ఊరుకుంటాయి. హోమమంటే దేవునికి అర్పించేది. యూదుల సంహారానికి పాశ్చాత్యులు వాడే "హోలోకాస్ట్" అన్న గ్రీకు మాటకు కూడా పూర్తిగా దహించిన బలి అనే అర్థం. హతులు ఎవరికీ బలి ఇవ్వబడలేదు, చంపబడ్డారు. ఆ మాట మానుకోవడం మంచిది.

జర్మనీలో యూదుల సంహారానికి కూపర్ ఒక అధ్యాయం ఇచ్చాడు. దాని పక్కనే, సమాన ప్రాధాన్యంతో, 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం అర్మేనియన్లపై జరిపిన సంహారాన్ని ఉంచాడు. మన పాఠకులకు మింగుడుపడనిది ఇదే. ఖిలాఫత్ ఉద్యమంలో పెద్దలు జైళ్ళకు పోయిన దేశం మనది. 1931లో నిజాం కుమారులిద్దరూ ఒట్టోమన్ వంశపు కన్యలను వివాహమాడిన రాజ్యం మనది. తుర్కీ ప్రభుత్వాలు నేటివరకు ఆ పేరును అంగీకరించలేదు. అయితే ఖలీఫా పేరు మీదున్న రాజ్యంలో ఆ పని చేయించినది ఇత్తిహాద్ పార్టీ వారి జాతీయవాదం. ఎడారిబాట పట్టిన అర్మేనియన్ స్త్రీలనూ పిల్లలనూ ఇళ్ళలో దాచినవారిలో అరబ్బులూ కుర్దులూ ఉన్నారు. ఉమ్మత్ పరువు నిలబెట్టినది వారే. హంతకుల పక్షాన వాదించడం ఉమ్మత్‌కు సేవ అనుకునేవారు ఈ అధ్యాయం తప్పక చదవాలి.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో జరిగినదానినీ కూపర్ వదలలేదు. 1948లో ఒడంబడిక చర్చలలో పాకిస్తాన్ పక్షాన బేగం షాయిస్తా ఇక్రాముల్లా పాల్గొన్నారు. సంస్కృతిని నాశనం చేయడం కూడా జాతిసంహారంగా పరిగణించాలని ఆ దేశం పట్టుబట్టింది. ఇరవై మూడేళ్ళకు అదే దేశపు సైన్యం తన పౌరుల మీద విరుచుకుపడింది. ఆయన తన వారినీ మినహాయించలేదు. హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు, డ్రెస్డెన్, హాంబర్గ్ మీద మిత్రరాజ్యాల బాంబు దాడులు జాతిసంహార స్వభావం కలవేనని ఆయన రాశాడు. అవి రాసింది అమెరికాలో కూర్చుని.

ఈ నిష్పాక్షికత అందరికీ నచ్చదు. 1982 జూన్‌లో టెల్ అవీవ్‌లో జాతిసంహారంపై అంతర్జాతీయ సభ జరగబోతుండగా, అర్మేనియన్ల ప్రస్తావన తీసివేయాలని తుర్కీ ఒత్తిడి చేసింది. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆ ఒత్తిడికి లొంగి సభను ఆపడానికి ప్రయత్నించింది. నిర్వాహకుడు ఇజ్రాయెల్ చార్నీ, ఆయన కూడా యూదుడే, ఒప్పుకోకుండా సభ నడిపించాడు. యూదు విద్వాంసుడినీ యూదు రాజ్యాన్నీ ఒకే గాటకు కట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ సంఘటన ఆ అలవాటుకు జవాబు. అదే ఏడాది సెప్టెంబరులో సబ్రా, షాతిలా శిబిరాల్లో పలస్తీనియన్ల హత్యలు జరిగాయి. డిసెంబరులో సర్వసభ్యసభ దానిని జాతిసంహార చర్యగా ఖండించింది.

గ్రంథంలో అన్నిటికంటే పదునైన వాదం సార్వభౌమాధికారం గురించినది. తన సరిహద్దులోని జనాన్ని చంపే హక్కును కూడా రాజ్యం తన సార్వభౌమాధికారంలో భాగంగా చూస్తుందనీ, ఐక్యరాజ్యసమితి ఆచరణలో ఆ హక్కునే కాపాడుతున్నదనీ కూపర్ భావం. 1985లో "ది ప్రివెన్షన్ ఆఫ్ జెనోసైడ్"లో నివారణ మార్గాలు వెదికాడు. మైకేల్ యంగ్ మొదలైనవారితో కలిసి ఇంటర్నేషనల్ అలర్ట్ సంస్థ స్థాపనకు పాటుపడ్డాడు. 1994 మే 23న ఆయన మరణించాడు. అదే వారాల్లో రువాండాలో టుట్సీల సంహారం జరుగుతూ ఉంది. ఏప్రిల్‌లోనే భద్రతామండలి అక్కడి తన సైనికుల సంఖ్యను తగ్గించింది. పదిహేడేళ్ళ క్రితం ఆయన హెచ్చరించిన దేశాలలో రువాండా ఒకటి.

ఆయన చూడనిది మరొకటుంది. గాంబియా 2019లో రొహింగ్యాల విషయమై మియన్మార్‌పై, దక్షిణాఫ్రికా 2023 డిసెంబరులో గాజా విషయమై ఇజ్రాయెల్‌పై అదే ఒడంబడిక కింద అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కాయి. 2024 జనవరి 26న న్యాయస్థానం గాజా విషయంలో తాత్కాలిక ఆదేశాలు జారీ చేసింది. కూపర్ అధ్యాయానికి బదులు తెల్ల కాగితాలు అమ్మిన దేశం నుంచే ఆ ఫిర్యాదు వచ్చింది.

ఇప్పుడు హైదరాబాదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. దీనికి "పోలీసు చర్య" అని పేరు. తరువాత జరిగిన హత్యల సంగతి విచారించడానికి పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు పర్యటించారు. పారిస్‌లో ఒడంబడికకు చేతులెత్తిన డిసెంబరు 9న వీరు మన జిల్లాల ఊళ్ళల్లో సాక్ష్యాలు రాసుకుంటున్నారు. పదహారు జిల్లాలలో తొమ్మిదింటిలో తిరిగి, 109 గ్రామాలవారిని అయిదు వందల మందికి పైగా విచారించి, మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని తేల్చారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలోనే 18,000కు తక్కువ కాదు. ఔరంగాబాదు, బీడు, నల్గొండ, మెదకు కలిపి కనీసం 5,000. యూనిఫారం వేసుకున్నవారు దోపిడీలో, కొన్నిచోట్ల హత్యల్లో కూడా పాల్గొన్నారని వారు రాశారు. అంతకు ముందు రజాకార్లు చేసిన దారుణాలనూ వారు దాచలేదు. బైరాన్‌పల్లి నెత్తురు ఆరకముందే ఇదంతా జరిగింది. నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. ఉమర్ ఖాలిదీ 1988లో తాను కూర్చిన సంకలనంలో కొంత వెలుగులోకి తెచ్చాడు, 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథంలో ప్రకటించాడు. ఇవి మన ఖాళీ పుటలు.

కూపర్ 1981లో రాసేనాటికి ఈ నివేదిక అచ్చులో లేదు. ఆయన కొలబద్దతో మనమే కొలవాలి. ఇది జాతిసంహారమా? ఒక సమూహాన్ని నిర్మూలించాలన్న రాజ్యోద్దేశానికి నివేదికలో ఆధారం లేదు. పైగా ఆ కమిటీని పంపినది ప్రధానమంత్రి నెహ్రూయే. ఊళ్ళకు ఊళ్ళలో మగవారిని ఏరి చంపడాన్ని మాత్రం కూపర్ రెండవ మాట, జాతిసంహారక హత్యాకాండ, సరిగా పట్టుకుంటుంది. వేదికల మీద మొదటి మాట వాడేవారు వాస్తవాన్ని మించిపోతున్నారు. "పోలీసు చర్య" అనేవారు వాస్తవాన్ని పూడ్చుతున్నారు.

ఇక్కడే కూపర్ సిద్ధాంతంలో లోపం కూడా బయటపడుతుంది. బహుళ సమాజం జాతిసంహారానికి పునాది అంటాడు. జర్మనీలో యూదులు వేరుగా బ్రతికినవారు కాదు, జర్మన్లలో కలిసిపోయినవారు. కంబోడియాలో ఖ్మేర్లు ఖ్మేర్లనే చంపారు. ఆయనకిది తెలియక కాదు. పునాది ఒక్కటే చాలదని ఆయనే అంటాడు. కానీ పుస్తకం చదివిన సామాన్యుడు, భిన్న మతాలవారు కలిసి ఉంటే నెత్తురు తప్పదు కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. నిజాం రాజ్యమంతా ఒకే తరహా సమాజం. పాలకుడు ముస్లిం, ప్రజల్లో అధికులు హిందువులు, దొరలు రెండు మతాలవారూ. అయినా హత్యల లెక్క జిల్లా జిల్లాకూ మారింది. రజాకార్ల పట్టు ఎక్కడ గట్టిదో అక్కడ ప్రతీకారం పెచ్చుమీరింది. సమాజ నిర్మాణం ఒక్కటే అయినప్పుడు భేదం తెచ్చినది సంస్థలూ, సైన్యాలూ, అధికారుల నడతా. కూపర్ ఈ వైపు ఇంకా లోతుగా పోవలసింది.

నివేదికలో ఒక చిన్న భాగం ఉంది. పెద్ద అంకెల మధ్య దానిని ఎవరూ పట్టించుకోరు. అనేక చోట్ల ముస్లిం నేతగాళ్ళను హిందూ నేతగాళ్ళు దోపిడీ మూకల నుంచి కాపాడారనీ, ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ కమిటీ రాసింది. మగ్గం ఒకటే, నూలు తెచ్చే సావుకారు ఒకడే, అప్పు ఒకటే. కూపర్ తన పుస్తకం చివరలో జాతిసంహారం జరగని సమాజాలను పరిశీలిస్తూ, వర్గాలను అడ్డంగా కోసే బంధాల గురించి చెప్పినది ఇదే. గద్వాల ప్రాంతం మగ్గాల ప్రాంతం. 1948లో పదేళ్ళవారికి ఇప్పుడు తొంభైకి దగ్గర. ఆ సెప్టెంబరులో తమ ఊళ్ళో ఎవరు ఎవరి ఇంట తలదాచుకున్నారో, ఎన్నాళ్ళు ఉన్నారో, తరువాత ఆ రెండు ఇళ్ళ మధ్య ఏమైందో, విన్నవారు ఊరి పేరుతో సహా రాసి పంపితే ఈ పత్రికలో వరుసగా ప్రకటించవచ్చు.